మాటకీ మాటకీ మధ్య

లాండ్రీ మేడ మీద గది
చలి మొదలైన వారం

వదినకి,

నువ్వు చెప్పినట్టే ఫోను చెయ్యకుండా ఉత్తరం రాస్తున్నాను. ఫోనులో ఏడిస్తే ఇద్దరమూ ఏడుస్తూ కూర్చుంటాం, ఉత్తరంలో ఏడిస్తే కాగితం పీల్చుకుంటుంది అన్నావు కదా వెళ్తూ వెళ్తూ. నా చదువు సంగతి నీకు తెలుసు. ఒత్తులు తప్పితే నవ్వుకో, అన్నయ్యకి మాత్రం చూపించకు. బతికున్నన్నాళ్ళూ ఏడిపిస్తాడు.

ముందు క్షేమం రాయాలి. ఆ మాట రాయడానికి చెయ్యి రావడం లేదు. కూతురు పోయిన ఇంట్లో క్షేమం ఏముంటుంది వదినా. పనికి వెళ్తున్నాను, తింటున్నాను, అంతవరకే రాసుకో.

హోటలు దుప్పట్లు ఇస్త్రీ మిషనులోంచి పొగలు కక్కుతూ వస్తాయి. ఇద్దరం చెరో కొస పట్టుకుని మడత పెడతాం. అవతలి కొస పట్టుకునే ఆవిడ ఈ ఊరి మనిషి. ఇదివరకు ఆవిడ ఏదో అంటే నేను నవ్వేసేదాన్ని. సాయంత్రం గోరింక నా కోసం వచ్చినప్పుడు ఆవిడ అదే మాట దానితో మళ్ళీ అనేది, అది నాకు మన మాటల్లో చెప్పేది. పగటి జోకుకి నేను సాయంత్రం నవ్వేదాన్నన్న మాట. బ్యాంకులోనూ అంతే, డాక్టరు దగ్గరా అంతే, కూరగాయల కొట్లోనూ అంతే. వాళ్ళ నాన్న పోయి మేము ఈ ఊరు వచ్చినప్పటి నుంచీ నా నోరు అదే కదా. ఎవరు మాట్లాడితే వాళ్ళలా మాట్లాడుతోందని దానికి గోరింక అని పేరు పెట్టింది నువ్వే. నీ దగ్గు కూడా దించేది, గుర్తుందా.

ఇప్పుడు ఆ దుప్పట్ల ఆవిడ ఏమీ అనడం మానేసింది. దుప్పటి కొస నా చేతికిస్తూ వేళ్ళు ఒకసారి నొక్కుతుంది. అంతే.

ఒక సంగతి చెబుతాను, నవ్వకు. బడిలో చేరాను. గోరింక పాఠాలు చెప్పిన బడే. నాలాంటి పెద్దవాళ్ళకి ఈ ఊరి మాటలు సరిగ్గా పలకడం నేర్పే సాయంత్రం తరగతి. నోరు పోయినదాన్ని, ఎక్కడో ఒకచోట నోరు తెచ్చుకోవద్దూ. అందుకే చేరాను.

నీ
ఆడపడుచు

*

కుట్టు దుకాణం
చొక్కాలు ఎక్కువ, మనుషులు తక్కువ అయిన వారం

మా మహాతల్లి ఆడపడుచుకి,

నవ్వకు అన్నావు కాబట్టి నవ్వాను. పలక పట్టుకెళ్తున్నావా, సంచీలో పెట్టుకున్నావా. మాస్టారు బెత్తం పట్టుకుంటే చెప్పు, మీ అన్నయ్యని పంపుతాను. ఆయన కూడా నాలుగు దెబ్బలు తిని వస్తాడు.

నీ ఒత్తులన్నీ బాగానే ఉన్నాయి. ఒకచోట కాగితం ఉబ్బి ఉంది. అది ఒత్తు కాదని నాకు తెలుసు.

ఇక్కడ సంగతులు ఏమున్నాయి. ఒకాయన చొక్కాకి పొడుగు చేతులు అడిగితే పొట్టి చేతులు పెట్టి కుట్టిచ్చాను. అద్దంలో చూసుకుని బిక్కచచ్చిపోయాడు పాపం. మీ అన్నయ్య అడ్డుపడి, ఎండాకాలం ఎంతలో వస్తుందండీ అన్నాడట. వయసు మీద పడుతోంది, ఏం చేస్తాం.

బడి సంగతి వివరంగా రాయి. మాస్టారు ఎలాంటివాడు. మొహం కనపడేలా నిలబడి చెబుతాడా, గోడ వైపు తిరిగి చెబుతాడా. మీసం ఉందా. ఉంటే ఆ మీసంలోంచి మాట బయటికి ఎలా వస్తుంది. ఇవన్నీ నాకు కావాలి. ఫోనులో కాదు, కాగితం మీద.

వేళకి తిను. తినకపోతే నాకు తెలుస్తుంది, నీ అక్షరాలు సన్నబడతాయి.

మీ వదిన

*

లాండ్రీ మేడ మీద గది
మంచు పట్టిన ఆదివారం

వదినకి,

మాస్టారికి మీసం ఉంది. గుబురు మీసం. మాట దాంట్లోంచి వడపోసినట్టు వస్తుంది. మనవాడే, కానీ ఇక్కడే పుట్టి పెరిగాడు, మన మాటలు ముద్దముద్దగా మాట్లాడతాడు. అందరి నాలుకలూ సరిచేసే మనిషి, పళ్ళెం అనమంటే పల్లెం అంటాడు. నేను సరిచెయ్యను. ఆయన ఉద్యోగం ఆయనది.

నా పక్కన రొట్టెల బట్టీలో పనిచేసే ఆయన కూర్చుంటాడు, ఆయనా మనవాడే. చెవుల మీద కూడా పిండి ఉంటుంది. ఇక్కడివాళ్ళకి ఒక అక్షరం ఉంది, నాలుక కొస పళ్ళ మధ్య పెట్టి గాలి వదలాలి. ఆయన నాలుక కొరుక్కున్నాడు. రక్తం వచ్చింది కానీ అక్షరం రాలేదు. పళ్ళు పెట్టుకుని మాట్లాడే భాష ఇది, మనలాంటివాళ్ళం పెదాలతో గడిపేస్తాం అన్నాడు.

మొదటి రోజు ఒక పరీక్ష పెట్టారు. చదువు పరీక్ష అయితే గుమ్మంలోంచే తిరిగొచ్చేదాన్ని. ఏ భాషవీ కాని ఉత్తుత్తి మాటలు చెవిలో వేస్తారు, విన్నది విన్నట్టు అనాలి. కొత్త భాష ఎవరికి ఎంత తొందరగా పట్టుబడుతుందో దాన్నిబట్టి కొంత తెలుస్తుందట. అర్థం లేని మాటలు కాబట్టి నాకు భయం వెయ్యలేదు. అన్నీ అనేశాను. మాస్టారు కాగితం చూసి, నన్ను చూసి, మళ్ళీ కాగితం చూశాడు. ఈ జట్టులో ఇంత పదునైన చెవి ఇంకెవరికీ లేదన్నాడు. సాధనతో వచ్చేది సగం, పుట్టుకతో వచ్చేది సగం, మీ ఇంట్లో ఇంకెవరికైనా ఉందా అని అడిగాడు.

ఉందనాలో ఉండేదనాలో నోరు రాలేదు. లేదన్నాను.

అది ఎవరిలాగైనా మాట్లాడుతుంటే ఈ విద్య ఎక్కడి నుంచి వచ్చిందే నీకు అని మనందరం అనేవాళ్ళం. నా నుంచి వచ్చిందట వదినా. ఇన్నేళ్ళకి ఎవరో ముక్కూమొహం తెలియనివాడు కాగితం చూసి చెబితే తెలిసింది. దానికి చెబుదామంటే అది లేదు.

మొన్నటి ఉత్తరంలో ఒకటి దాచాను. నోరు తెచ్చుకోవడానికి చేరానని రాశాను. అది అబద్ధం.

ఆ తరగతి గదిలో చెక్క అడ్డాలు పెట్టి గూళ్ళలా కట్టారు. ఒక్కో గూట్లో ఒక్కో మనిషి. చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకుంటే పాఠం వినిపిస్తుంది. వేసవి సెలవుల్లో గోరింక ఆ పాఠాలన్నీ తన గొంతుతో రికార్డు చేసి పెట్టింది. నేను సెలవు పెట్టినా తరగతి ఆగదమ్మా అని నాతో అంది. అప్పుడు నేను కూర తరుగుతున్నాను, ఊఁ అన్నాను. అది పోయాక ఒకనాడు దుప్పటి మడత పెడుతుంటే ఆ మాట గుర్తొచ్చింది. దుప్పటి వదిలేశాను.

హెడ్‌ఫోన్లు పెట్టుకున్నాను. గోరింక మాట్లాడింది.

ఒక మాట అంటుంది. మనం ఆ మాట తిరిగి అనడానికి కాస్త ఖాళీ వదులుతుంది. మళ్ళీ ఇంకో మాట, మళ్ళీ ఖాళీ. నాకు మాటలు అక్కర్లేదు వదినా, ఆ ఖాళీ కావాలి. మాటకీ మాటకీ మధ్య దాని ఊపిరి వినిపిస్తుంది. మనం ఎప్పుడంటామా అని కాచుకుని ఊపిరి పీల్చుకుంటూ కూర్చుంది. ఒకచోట కుర్చీ కిర్రుమంటుంది. ఇంకోచోట చేతి గడియారం బల్లకి తగిలి టక్కుమంటుంది. గదిలో అందరూ ఆ ఖాళీలో బదులు చెబుతారు. నేను చెప్పను. నోరు తెరిస్తే దాని ఊపిరి వినపడదు.

మాస్టారు తన బల్ల దగ్గర మీటలు నొక్కి ఒక్కొక్కరి గూట్లో ఏం పలుకుతున్నారో వింటాడు. నా గూటి మీట నొక్కితే ఆయనకి ఏమీ వినపడదు.

నేను దాని తల్లినని అక్కడ ఎవరికీ తెలియదు. మాస్టారు దాని చోట్లో కొత్తగా వచ్చిన మనిషి. చెబితే జాలిపడతారు. జాలిపడేవాళ్ళు ముందు చేసే పని వస్తువులు కంటికి కనపడకుండా తీసెయ్యడం. నువ్వు దాని చెప్పులు తీసెయ్యలేదూ. అలాగే ఆ పాఠం తీసేసి ఇంకెవరి గొంతో పెడతారు. అందుకని నోరు విప్పను.

నీ
ఆడపడుచు

*

కుట్టు దుకాణం
అదే వారం

అమ్మాయ్,

నీ ఉత్తరం చదివి మిషను ఆపేశాను. సూది గుడ్డలోనే దిగబడి ఉంది, నేను అలాగే కూర్చున్నాను. మీ అన్నయ్య వచ్చి భుజం తట్టేదాకా వచ్చినట్టే తెలియలేదు.

చెప్పులు నా దగ్గర ఉన్నాయి. గుమ్మంలో అవి కనపడినప్పుడల్లా నువ్వు ఆగిపోతున్నావని తీశాను. పారెయ్యలేదు. ఎప్పుడు అడిగితే అప్పుడు ఇస్తాను.

దాని గొంతు ఎలా ఉంది. అలాగే ఉందా, పాఠం చెబుతున్నప్పుడు వేరేగా ఉంటుందా. నాకు రాయి. దేన్ని ఎలా అంటుందో రాయి. నవ్వు తెలుస్తోందా. నువ్వు రాస్తేనే నాకు తెలిసేది.

దానికి మాటంటే ఎంత ఇష్టమో. నువ్వు పడుకోబెట్టి కథ చెబుతుంటే అది ఊఁ కొట్టడం పక్కింటిదాకా వినపడేది. పగలంతా చాకిరీ చేసి నువ్వు కథ మధ్యలో కునికితే, నీ గడ్డం పట్టుకుని ఊపి, ఊఁ, ఊఁ అని లేపేది. రాజు అడవికి వెళ్ళాడు అని నువ్వు నిద్రలో మొదలెట్టి, దుప్పట్లు ఆరేశాడు అని ముగించేదానివి. దానికి అదీ ఇష్టమే.

కానీ ఒక మాట. నోరు మూసుకుని కూర్చోవడానికి బడెందుకే. ఆ భాగ్యం కావాలంటే మీ అన్నయ్య పక్కన బోలెడు చోటుంది. అది మాట అని ఆగుతోందంటే నువ్వు అంటావని కదా ఆగుతోంది.

మీ వదిన

*

లాండ్రీ మేడ మీద గది
పనిలేని శనివారం

వదినకి,

అడిగావు కాబట్టి రాస్తున్నాను. గొంతు అలాగే ఉంది. ఇంట్లో కంటే కాస్త నిదానం. చిన్నపిల్లలకి మెట్లు దింపుతూ చెయ్యి పట్టుకుంటామే, అలా పట్టుకుని తీసుకెళ్తుంది మాట మాటకీ. తప్పు అన్నవాళ్ళకి కోపం రాకుండా ముందే సర్దిచెప్పే గొంతు. నవ్వు తెలుస్తోంది. మొహం కనపడకపోయినా పెదవి సాగినప్పుడు మాట వెడల్పవుతుంది కదా.

నన్ను చెవుల డాక్టరు దగ్గరికి పంపారు వదినా, నవ్వుకో. పరీక్షలో అంత పదునైన చెవి, తరగతిలో ఉలుకూ పలుకూ లేదు, ఏదో తేడా ఉందని మాస్టారికి అనుమానం. డాక్టరు ఒక పెట్టెలో కూర్చోబెట్టి కీచుకీచుమనిపించాడు. నావి పాము చెవులని తేలింది. ఆ కాగితం తెచ్చి మాస్టారికిచ్చాను. చెవిలోకి వచ్చింది నోట్లోకి ఎందుకు రావడం లేదండీ అన్నాడు దిగులుగా. మంచివాడు. అంతలా దిగులుపడే మనిషికి అబద్ధం చెబుతున్నానని నాకే సిగ్గేసింది.

మొన్న గొంతు మీద వేళ్ళు పెట్టుకుని పలికే పాఠం చెప్పాడు. ఒక అక్షరానికి వేళ్ళ కింద తుమ్మెద తిరిగినట్టు ఝుమ్మంటుంది. అలాంటిదే ఇంకో అక్షరానికి ఏమీ ఉండదు, ఉత్త గాలి. చెవికి తేడా తెలియకపోయినా చేతికి తెలుస్తుందట. రొట్టెల ఆయన తన గొంతు చాలక నా గొంతు పట్టుకోబోయాడు. చేతి మీద ఒక్కటిచ్చాను. తరగతిలో నేను చేసిన మొదటి చప్పుడు అదే అని మాస్టారు రాసుకుని ఉంటాడు.

ఇక నవ్వు అయిపోయింది.

పాఠాలు వరసగా ముందుకు పోవాలి. అందరూ పోయారు. నేను మొదటి పాఠంలోనే ఉన్నాను. అయిపోగానే మళ్ళీ మొదటికి తిప్పుకుంటాను. ఒకనాడు చెయ్యి తప్పి ఎక్కడో మధ్య పాఠం నొక్కాను. మాట అదే, నవ్వు అదే. ఖాళీ వచ్చింది. ఆ ఊపిరి వేరు వదినా. మేడలెక్కి వచ్చి అప్పుడే కూర్చున్న మనిషి ఊపిరి. ఎగబీల్చి, ఆపుకుని, మళ్ళీ నవ్వు గొంతుతో ఇంకో మాట. మళ్ళీ ఎగబీల్చి. ఎవరికీ వినపడదు, ఆ ఖాళీలో అందరూ అరుస్తుంటారు కదా. నాకు వినిపించింది.

గుండె జబ్బని డాక్టరు చెప్పేదాకా ఎవరికీ తెలియదనుకున్నాం. దానికి వేసవిలోనే తెలుసు. ఊరెళ్ళేముందు వంట చేసి అన్నిటి మీదా మూతలు పెట్టి వెళ్ళినట్టు ఈ పాఠాలు చేసిపెట్టింది. సెలవు పెట్టినా అంది నాతో. సెలవు అంది.

ముందుకెళ్ళేకొద్దీ ఆ ఊపిరి ఎక్కడికి పోతుందో నాకు తెలుసు. అందుకే వెళ్ళను. మొదటి పాఠంలో దానికి ఏ జబ్బూ లేదు.

కానీ నెలాఖరున పరీక్ష. చివరి పాఠం అందరూ పలికి చూపించాలి. పలికినవాళ్ళు పై తరగతికి పోతారు, అక్కడ ఎవరో మగాయన గొంతు. పలకనివాళ్ళ చోటు బయట బెంచీ మీద కాచుకున్నవాళ్ళకి ఇచ్చేస్తారు. పలికినా పోతుంది, పలకకపోయినా పోతుంది. పోయేలోగా నీకొకసారి వినిపించాలి వదినా. నాతో పాటు దాన్ని పెంచినదానివి. వచ్చే శుక్రవారం సాయంత్రం గూట్లోంచి ఫోను చేసి, హెడ్‌ఫోను ఫోనుకి ఆనిస్తాను. నువ్వేం మాట్లాడక్కర్లేదు. ఎత్తి చెవి దగ్గర పెట్టుకో చాలు.

నీ
ఆడపడుచు

*

లాండ్రీ మేడ మీద గది
శనివారం

వదినకి,

ఫోను మోగింది, మోగింది, ఆగిపోయింది. మళ్ళీ చేశాను. మళ్ళీ మోగి ఆగిపోయింది. మాస్టారు చూసి ఫోను లోపల పెట్టమన్నాడు. నాకు అక్కడ అందరి ముందూ ఏడుపు వచ్చింది. రొట్టెల ఆయన జేబురుమాలు ఇచ్చాడు. మొహమంతా పిండయింది.

నీకు వినాలని లేకపోతే లేదని రాయొచ్చు. ఇష్టం లేదంటే నేనేమీ అనను.

నేను నీకు ఎప్పుడూ చెప్పని మాట ఒకటుంది. నువ్వు వెళ్ళిపోయే రోజు పెట్టె సర్దుకుంటున్నావు. నేను గుమ్మంలో నిలబడి, నాలుగు రోజులుండి వెళ్ళు వదినా, ఈ ఇంట్లో ఒక్కదాన్నీ ఉండలేను అన్నాను. నువ్వు వెనక్కి తిరగలేదు. చీరలు మడత పెడుతూనే ఉన్నావు. ఇంకోసారి అడిగాను. పెట్టె మూసి, తాళం వేసి, అప్పుడు తిరిగి నన్ను చూసి నవ్వావు. ఆ నవ్వు ఇప్పటికీ అర్థం కాలేదు. అడిగినా పలకని మనిషిని మళ్ళీ ఎలా అడుగుతాను. వెళ్ళొస్తానంటే సరేనన్నాను.

కూతురు పోయినదాని దుఃఖం కొన్నాళ్ళకి చుట్టూ ఉన్నవాళ్ళకి బరువైపోతుందని అంటారు. నీకూ అయిందేమో. అయితే ఉత్తరాలు కూడా ఆపేద్దాం.

ఇట్లు

*

కుట్టు దుకాణం
నీ ఉత్తరం అందిన రోజే

తల్లీ,

నాకు వినపడదు.

ఇంకెలా రాయాలో తెలియలేదు.

నువ్వు గుమ్మంలో నిలబడి అడిగావని ఈ రోజు నీ ఉత్తరంలో చదివితే తెలిసింది. నేను వెనక్కి తిరిగేసరికి నువ్వు ఊరికే నిలబడి ఉన్నావు, కళ్ళు తుడుచుకుంటున్నావు. నిన్ను చూసి ధైర్యంగా ఉండు అన్నట్టు నవ్వాను. ఆ నవ్వు అదే. ఉండమని అడిగితే నేను ఉండననేదాన్నా. పెట్టె కిటికీలోంచి పారేసి ఉండేదాన్ని.

రెండేళ్ళ నుంచీ కొంచెం కొంచెంగా పోయాయి. ముందు పక్షులు పోయాయి, తరవాత మిషను చప్పుడు పోయింది, తరవాత మీ అన్నయ్య సణుగుడు పోయింది. అదొక్కటే లాభం. ఆయనకి తప్ప ఎవరికీ చెప్పవద్దన్నాను. చెవిటి మనిషికి కొలతలు ఎవరిస్తారు. ఎదురుగా నిలబడి మాట్లాడేవాళ్ళ పెదాలు చూసి నెట్టుకొస్తున్నాను. ఆ పొడుగు చేతుల చొక్కా ఆయనకి మీసం ఉంది. ఇప్పుడు తెలిసిందా నేను మీసాల సంగతి ఎందుకు అడిగానో.

శుక్రవారం ఫోను గుడ్డలు కత్తిరించే బల్ల మీదే పెట్టుకుని కూర్చున్నాను. మీ అన్నయ్యని పక్కన ఉండమని బతిమాలాను, ఆయనకి ఆస్పత్రి నుంచి పిలుపొచ్చి వెళ్ళాడు, ఎవరో స్నేహితుడికి బాగాలేదని. వెలుతురు వెలిగింది. ఫోను బల్ల మీద పురుగులా వణికింది. నువ్వేనని తెలుసు. లోపల గోరింక ఉందనీ తెలుసు. ఎత్తి చెవికి పెట్టుకుంటే ఏముంది. ఏమీ ఉండదు. దాని గొంతు నా చేతిలో ఉండి, ఏమీ లేకుండా ఉండడం నేను భరించలేను అనుకున్నాను. అరచెయ్యి దాని మీద పెట్టి వణకడం ఆగేదాకా ఉంచాను. రెండోసారి కూడా ఉంచాను.

ఇంకొకటి చెప్పాలి. దానికి తెలుసు. మాటల పని చేసేది కదా, ఒక పూటలో కనిపెట్టేసింది. అత్తా, నువ్వు నా కళ్ళలోకి చూడకుండా నోరు చూస్తున్నావేంటి అంది. అమ్మకి చెప్పకు, కంగారు పడుతుంది అన్నాను. వచ్చినప్పుడల్లా అద్దం ముందు కూర్చోబెట్టి పెదాలు చదవడం నేర్పింది. అత్తా, మాట చెవిలో ఉండదు, మొహంలో ఉంటుంది అనేది. ఇవాళ నేను కొట్టు నడుపుతున్నానంటే అది నేర్పిన చదువే.

నా కోసం ఒక పని చెయ్యవే. చివరి పాఠం విను. నీ కోసం కాదు, నీకు మొదటిది చాలు, తెలుసు. నా చెవులు ఎలాగూ అక్కడికి రాలేవు. నా బదులు నువ్వు విని, అందులో ఏముందో ఉన్నది ఉన్నట్టు రాయి. దాని ఊపిరి బరువుగా ఉంటే బరువుగా ఉందని రాయి. అది అంత కష్టపడి అక్కడిదాకా వెళ్ళింది. మన ఇంటి మనిషి ఒక్కరైనా వెంట వెళ్ళవద్దూ.

మీ వదిన

*

లాండ్రీ మేడ మీద గది
పరీక్ష మర్నాడు

వదినా,

నీ ఉత్తరం దుప్పట్ల గదిలో చదివాను. చదివి అక్కడే బుట్ట మీద కూలబడ్డాను. దుప్పట్ల ఆవిడ వచ్చి పక్కన కూర్చుంది. ఏమైందని అడిగింది, ఈ ఊరి మాటల్లో. నేను చెప్పాను. నాకు వచ్చినన్ని ముక్కల్లో, మా వదినకి వినపడదు, నాకు తెలియదు అని. ఆవిడకి అర్థమైంది. మా ఇద్దరి మధ్యా గోరింక లేకుండా నడిచిన మొదటి మాట నీ గురించే.

నిన్ను ఎన్నెన్ని అనుకున్నానో రాయను. నువ్వు చెయ్యి పెట్టి ఆపిన ఫోను సంగతి మళ్ళీ మళ్ళీ చదివాను.

చివరి పాఠం విన్నాను. ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

మొదట గొంతు సర్దుకుంది. మాట మొదలెట్టే ముందు ఇదివరకు అలా సర్దుకునేది కాదు. మాటలు తగ్గించుకుంది, పెద్ద మాటలు మానేసి చిన్నవి ఏరుకుంది. ఒక్కటి కూడా తప్పు పలకలేదు. ఖాళీలు పొడుగయ్యాయి. నేర్చుకునేవాళ్ళకి ఎక్కువ సమయం ఇచ్చిందని మాస్టారు అనుకుంటున్నాడు. సమయం దానికే కావాల్సి వచ్చింది. ఊపిరి బరువుగా ఉంది వదినా. నీళ్ళు నిండిన బిందె రెండు చేతుల్తో మోస్తున్నట్టు ఉంది. ఒకచోట గ్లాసు బల్ల మీద పెట్టిన చప్పుడు వచ్చింది. నేను హెడ్‌ఫోన్లు రెండు చేతుల్తో నొక్కి పట్టుకుని కూర్చున్నాను. తీసెయ్యాలనిపించింది. నీకు రాయాలి కదా అని ఉంచుకున్నాను.

ఆఖరి మాట అంది. ఖాళీ వచ్చింది. ఊపిరి వస్తుందని చూశాను. ఊపిరి కాదు.

ఊఁ, అంది.

మెల్లగా, ముక్కుతో. ఊఁ కానియ్యండి అన్నట్టు. కథ మధ్యలో నేను ఆగిపోతే అనేదే, అదే ఊఁ. ఈ ఊరివాళ్ళెవరికీ అది ఏమిటో తెలియదు. పాఠంలో ఉన్న మాట కూడా కాదు. ఎవరో ఒకరు బదులు చెప్పకుండా ఊరుకున్నారనుకుని అలవాటుగా అనేసి ఉంటుంది. నా గడ్డం పట్టుకుని ఊపినట్టయింది.

ఆ ఆఖరి మాట అనేశాను. పైకే అన్నాను. తరవాత పాఠం మొదటికి తిప్పి అన్నీ అన్నాను, దాని ప్రతి మాటకీ బదులు చెప్పాను, ఆఖరిదాకా. నేను అంటున్నప్పుడు దాని ఊపిరి వినపడలేదు. వినపడకపోయినా ఉందని తెలుసు. నేను అనేదాకా కాచుకుని, అన్నాక ముందుకెళ్ళింది.

మాస్టారు మీట నొక్కి వింటున్నాడని నాకు తెలియదు. వచ్చి గూడు పక్కన నిలబడ్డాడు. ఇది పాఠంలో గొంతే కదండీ, ప్రతి మాటా అలాగే అంటున్నారు, ఇంతలా ఎవరు నేర్పారు అని అడిగాడు.

"మా అమ్మాయి," అన్నాను.

ఆయన నా మొహం చూశాడు, నా హెడ్‌ఫోన్లు చూశాడు. ఆ మీసం కింద పెదవి వణికింది, నువ్వుంటే చదివేదానివి. నా పక్కనున్న గూట్లోకి వెళ్ళి, రొట్టెల ఆయన్ని లేపి, తను కూర్చున్నాడు. రొట్టెల ఆయనకి విషయం తెలియక, నేను ఫెయిలయ్యానా అని గొణుక్కుంటూ నిలబడ్డాడు పాపం. ఆయన కూడా పాసయ్యాడు, తరవాత తెలిసింది. ఆ పళ్ళ అక్షరం ఒక్కటీ తప్ప.

తరవాత మాస్టారు ఈ పాఠాలన్నీ ఒక కాపీ చేసిస్తాను, ఇంట్లో పెట్టుకోండి అన్నాడు. ఇక్కడ ఉంచాలో తీసెయ్యాలో కూడా మీరే చెప్పండి అన్నాడు. చూశావా, తీసెయ్యడం అన్న మాట రానే వచ్చింది. వద్దన్నాను. రెండూ వద్దన్నాను. నా ఇంట్లో పెట్టుకుంటే దానికి బదులు చెప్పేదాన్ని నేనొక్కదాన్నే. ఇక్కడైతే రోజూ గదినిండా మనుషులు చెబుతారు. అంత కష్టపడి చేసిపెట్టిన వంట, తినేవాళ్ళుండగా నేను మూత పెట్టి దాచుకోవడం ఏమిటి అన్నాను. మూత అన్నది మూట అని అర్థమైనట్టుంది ఆయనకి, అయినా తలూపాడు.

నా చోట్లోకి బెంచీ మీద కాచుకున్న ఒకావిడ వచ్చింది. వంగిపోయిన మనిషి, ఎక్కడో గదులు ఊడుస్తుందట. హెడ్‌ఫోన్లు తలకిందులుగా పెట్టుకుంది. సరిచేశాను. మొదటి పాఠం నొక్కాను. ఆవిడ ఉలిక్కిపడి, తరవాత నవ్వింది, ఎవరో పలకరించినట్టు. గోరింక మాట అంది కాబోలు, ఆవిడ నోరు తెరిచి ఏదో అంది. తప్పు. ఘోరంగా తప్పు. నేను దిద్దలేదు. అది ఓపిగ్గానే ఉంటుంది, నాకు తెలుసు.

మెట్లు దిగుతూ ఏడ్చాను. ఇంటికొచ్చి ఏడ్చాను. ఏడుపు తగ్గిందని రాయను. ఆ గూడు పోయింది, ఆ మొదటి పాఠం పోయింది, అది మళ్ళీ ఇంకోసారి పోయినట్టే ఉంది. రేపు పనికెళ్తే దుప్పట్ల ఆవిడ ఏదో అంటుంది, నేను అక్కడికక్కడే నవ్వాలి కాబోలు.

నేను వస్తున్నాను వదినా. పనిలో సెలవు అడిగాను, నేనే అడిగాను, నా నోటితో. ఇచ్చారు. ఆ చెప్పులు దాచిన చోటి నుంచి తీసి గుమ్మంలో పెట్టి ఉంచు. చూసి ఆగిపోతాను, ఆగిపోనీ.

నువ్వు ఆ రోజు వెనక్కి తిరిగి ఉన్నావు. ఈసారి నీ ఎదురుగా కూర్చుంటాను. కిటికీ దగ్గర, వెలుతురు నా మొహం మీద పడేలా. అది చెప్పిన పాఠం మొదటి నుంచీ చెబుతాను. మాస్టారు చెప్పింది నిజమైతే నా నోరు ఇప్పుడు దాని నోరులాగే తిరుగుతుంది. నాలుక పళ్ళ మధ్య పెట్టేది, పెదవి గుండ్రంగా చుట్టేది, మాట వెడల్పయ్యే చోట నవ్వేది, అన్నీ అది చేసినట్టే చేస్తాను. అది నీకు నేర్పిన చదువుతో నువ్వు చదువుకో.

ఆఖరున వచ్చే ఊఁ మాత్రం పెదాల మీద కనపడదు, నోరు మూసుకుని ముక్కుతో అనేది కదా. దానికి నీ చెయ్యి నా గొంతు మీద పెట్టుకో. తుమ్మెద తిరిగినట్టు ఉంటుంది. నువ్వు చెయ్యి తీసేదాకా అంటూనే ఉంటాను.

నీ
ఆడపడుచు